చేపల రేవులో తెల్లపిల్లి

ఆ రోజు మా గుంపులో అందరం ఏడ్చాం. అందరికంటే ఎక్కువ ఏడ్చింది, ఆ పుస్తకం మా చేత చదివించిన ఆవిడే.

మాది చిన్న గుంపు. దోహాలో ఉంటున్న ఐదుగురు తెలుగు ఆడవాళ్ళం, నెలకో శుక్రవారం కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకునేవాళ్ళం. నేను ఒక ఇండియన్ స్కూల్లో లైబ్రరీ చూస్తాను కాబట్టి పుస్తకాలు ఎంచే పని మొదట్లో నాకే ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే ఆ పని ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది. నాకూ అభ్యంతరం లేకపోయింది. వెస్ట్ బేలో సముద్రం కనిపించే ఫ్లాటు వాళ్ళది. భర్తది పెద్ద ఉద్యోగం. ఆవిడ హైదరాబాదులో కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి, ఇక్కడికొచ్చాక మానేసిన మనిషి. బాగా చదువుతుంది, చదివింది ఇంకా బాగా చెబుతుంది. ఆవిడ మాట్లాడుతుంటే టీ చల్లారిపోయేది కూడా తెలిసేది కాదు నాకు.

జపాన్ వాళ్ళ పిల్లి నవలల పిచ్చి మాకు అంటించింది ఆవిడే. ఇంగ్లీషు అనువాదాలు. సన్నటి పుస్తకాలు, అట్ట మీద కిటికీలో కూర్చున్న పిల్లి. తెరవగానే ఎవరో చనిపోయి ఉంటారు. మిగిలినవాళ్ళకి మాట పడిపోయి ఉంటుంది. ఒక వాన రోజు ఎక్కడినుంచో ఒక పిల్లి వస్తుంది. ఎవరో టీ కాస్తారు. పెద్దగా ఏమీ జరగదు, కానీ పుస్తకం అయ్యేసరికి మనిషి తేరుకుంటాడు. పిల్లి ముసలిదై పోతుంది, లేకపోతే వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. ఇప్పుడు ఎత్తిపొడుపుగా చెబుతున్నాను గానీ అప్పుడు వాటిని ఇష్టంగానే చదివాను. కాకినాడలో పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాస్త కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే ఇంట్లో పుట్టినదాన్ని. నలభై ఏళ్ళొచ్చినా పిల్లి ఒంటి మీద చెయ్యి వేసి ఎరగను. అలాంటి నాకు ఆ పుస్తకాలు చదివాక దారిలో పిల్లి కనిపిస్తే నిలబడి చూడడం అలవాటైంది.

ఆవిడకో పిల్లి ఉండేది. తెల్లటి పర్షియన్, మగది. చప్పిడి ముక్కు, ఒక కన్ను నీలం, ఒక కన్ను తేనెరంగు. దానికి జపనీస్ పేరు పెట్టుకుంది. ఆ పేరు నేనిక్కడ రాయను. పిల్లి కూడా దానికి ఎప్పుడూ పలికింది లేదు. పుస్తకం పక్కన పిల్లి, టీకప్పు పక్కన పిల్లి, కిటికీలో సముద్రం పక్కన పిల్లి, ఇలా రోజూ ఫోటోలు పెట్టేది. మేమంతా ఏడ్చిన ఆ శుక్రవారం దాన్ని ఒళ్ళో పెట్టుకుని నవల ఆఖరి పేజీలు పైకి చదువుతూ, సగంలో ఆపి పుస్తకం మూసేసింది.

"మనం పిల్లుల్ని పెంచుకోవడం ఏంటి, అవే మనల్ని ఎంచుకుంటాయి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మాట నాకెంత నచ్చిందంటే, మర్నాడు స్కూలు లైబ్రరీ బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి అంటించాను.

ఆ వేసవికి వాళ్ళాయనకి యూరప్ బదిలీ అయింది. వెళ్ళే ముందు మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఇల్లంతా అట్టపెట్టెలు.

"మరి పిల్లి?" అని అడిగాను.

"అల్ వక్రాలో ఒక మంచి కుటుంబం దొరికింది. పిల్లలున్న ఇల్లు, పెద్ద పెరడు. నా ప్రాణం మాత్రం ఇక్కడే ఉండిపోతుంది" అంది. మళ్ళీ కళ్ళనీళ్ళు. మేమంతా దగ్గరికి తీసుకుని ఓదార్చాం.

మేముండేది ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, ఒక విల్లాని ముక్కలు చేసి అద్దెకిచ్చిన దాంట్లో. గోడకి అటు ముక్కలో ఆపా వాళ్ళుంటారు, ఆపా అంటే ఉర్దూలో అక్క. నిజామాబాద్ వాళ్ళు. ఆపా ఒక నర్సరీలో చంటిపిల్లల్ని చూసుకుంటుంది, వాళ్ళాయన కంపెనీ బస్సు నడుపుతాడు. ఆపా నాకంటే పదేళ్ళు పెద్ద, కోపం ముక్కు మీదే ఉంటుంది. నా పులుసు బాగాలేదని గిన్నె తిరిగిస్తూ మొహం మీదే చెప్పే మనిషి. పుస్తకాల జోలికి పోదు. పిల్లులంటే అసలు పడదు, మెట్ల మీద పాడు చేస్తున్నాయని చీపురు పుచ్చుకుని తరుముతుంది.

ఆవిడ వాళ్ళు వెళ్ళిపోయిన కొన్ని వారాలకి, జూలైలో ఒక సాయంత్రం ఆపా వాళ్ళాయన కారులో ముగ్గురం చేపలకని అల్ వక్రా రేవుకి వెళ్ళాం. పొద్దు వాలుతున్నా గాలి ఇడ్లీపాత్ర మూత తీసినట్టు మొహాన కొడుతోంది. చేపలు శుభ్రం చేసి పారేసే చోట ఎప్పుడూ ఒక మంద పిల్లులుంటాయి. తోకలు తెగినవి, చెవులు చినిగినవి, తలకాయ విసిరితే పదీ ఒక్కసారి దూకుతాయి. వాటికి దూరంగా, బోర్లించిన పడవ నీడన ఒకటి కూర్చుని ఉంది. ఐసు పెట్టెలోంచి కారుతున్న ఎర్రటి నీళ్ళు నాకుతోంది. తెల్లగా ఉందనడానికి లేదు. మట్టి, పడవ నూనె కలిసి బొచ్చు చాపలా అట్టకట్టింది. నేను వంగి చూసేసరికి తలెత్తింది. ఒక కన్ను నీలం, ఒక కన్ను తేనెరంగు.

"ఆపా, ఈ పిల్లి నాకు తెలుసు" అన్నాను.

"పిల్లి తెలుసుడేంది చెల్లె? నీ చుట్టమా?" అంది ఆపా.

ఎవరిదో చెప్పాను. ఆపా ఒక్క నిమిషం పిల్లినీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత కారు డిక్కీలోంచి ఖాళీ బియ్యం సంచి తెచ్చి, వెనకనుంచి వెళ్ళి దాని మీద కప్పి పట్టేసింది. పిల్లి సంచిలోంచే ఆపా వేలు కొరికింది. రక్తం వచ్చింది.

"కొరుకు, హరామీ, కొరుకు. నేనైతే ఇడువ" అని తిడుతూనే పట్టుకుంది. "ఏం సూస్తున్నవ్, తలుపు తియ్యి జల్ది!"

కారులో ఏసీ గాలికి ఎదురుగా పెడితే అది నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. పిల్లి కుక్కలా రొప్పుతుందని నాకు తెలీదు. కారులోంచే ఆవిడకి ఫోను చేశాను. వెంటనే ఎత్తింది.

"అయ్యో! ఆ ఫ్యామిలీ దగ్గర్నుంచి తప్పించుకుని ఉంటుంది" అంది.

"వాళ్ళ నంబరు ఇవ్వండి. ఇక్కడే ఉన్నాం, తీసుకెళ్ళి ఇస్తాను."

"నంబరు... నా దగ్గర లేదిప్పుడు."

"ఇల్లెక్కడో చెప్పండి."

ఆవిడ గొంతు తగ్గించింది. "చూడు, కుటుంబం ఎవరూ లేరు. చాలామందిని అడిగాను, ఎవరూ తీసుకోలేదు. డ్రైవరుకి చెప్పి రేవు దగ్గర వదిలిపెట్టించాను. అక్కడైతే చేపలుంటాయి, తిండికి లోటుండదు కదా. పిల్లులు స్వతంత్రంగా బతికేవి. మనం ఎన్నిసార్లు చదివాం!"

"నన్ను అడగలేదేం?"

"మీది షేర్డ్ విల్లా కదా. నీకెందుకు ఇబ్బంది అని..."

నేను ఫోను పెట్టేశాను. నా కోపం ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది. ఆ రాత్రి అన్నం కలుపుకుంటుంటే వచ్చింది. పిల్లుల్ని దేశం దాటించడానికి పద్ధతులున్నాయి. టీకాలు, కాగితాలు, కొన్ని వారాల తిరుగుడు. ఆవిడకి తెలియక కాదు. ఆవిడ సోఫా వెళ్ళింది. గోడ గడియారం వెళ్ళింది. మేమంతా కూర్చుని ఏడ్చిన ఆ పిల్లుల పుస్తకాలన్నీ ఒక్కటి కూడా నలక్కుండా అట్టపెట్టెల్లోకెక్కి ఓడలో వెళ్ళాయి. వాటిలో ఉన్న పిల్లికి చోటు దొరికింది. ఒళ్ళో ఉన్న పిల్లికి దొరకలేదు.

రేవునుంచి నేరుగా తీసుకెళ్ళిన జంతువుల ఆసుపత్రిలో డాక్టరు ఫిలిప్పీన్స్ అమ్మాయి. అట్టకట్టిన బొచ్చంతా గొరిగించింది. కింద చర్మం పుళ్ళు పడి ఉంది. నాలుగు పాదాల మెత్తలూ కాలి, పొరలు ఊడిపోయి ఉన్నాయి. రక్తపరీక్ష చూసి మూత్రపిండాలు దెబ్బతిన్నాయంది. ఈ జాతికి అది పుట్టుకతో వచ్చే జబ్బేనట. జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్ళు లాగించేదట. నీళ్ళు లేక, ఎండలో, అది బాగా ముదిరింది.

"నయమవుతుందా?" అని అడిగాను.

"నయం కాదు. బతికినన్నాళ్ళు బాధ లేకుండా చూడొచ్చు" అంది.

ఇంటికి తెస్తే మా ఆయన గుమ్మంలోనే నిలబడి, "ఓనరు చూస్తే ఊరుకుంటాడా?" అన్నారు.

గోడ అవతలినుంచి ఆపా జవాబు చెప్పింది. "ఓనరుతోని నేను మాట్లాడ్త, అన్నా. నువ్వు దర్వాజ దగ్గర్నుంచి జరుగు."

అలా అది రెండిళ్ళ పిల్లి అయింది. ఒళ్ళంతా నున్నగా, తల చుట్టూ మాత్రం బొచ్చుతో చూడ్డానికి నవ్వొచ్చేలా ఉండేది. గుణం మాత్రం నవ్వొచ్చేది కాదు. నన్ను కొరికింది, మా ఆయన్ని రక్కింది. ఆయన సైటుకి వేసుకెళ్ళే బూట్లలో ఉచ్చ పోసింది. రోజు విడిచి రోజు మెడ వెనక చర్మం గుడారంలా పైకెత్తి, సూది గుచ్చి, సెలైన్ ఎక్కించాలి. సూది నేను పట్టుకునేదాన్ని, పిల్లిని ఆపా పట్టుకునేది. "బస్ రే బస్, హోగయా, హోగయా" అని, ఇక అయిపోయిందని నర్సరీ పిల్లల్ని సముదాయించినట్టు దాని చెవిలో అంటూ ఉండేది. నీళ్ళు దిగాక దాని భుజం మీద మూపురం వచ్చేది. ఆ మూపురంతో అది మా ఇద్దరి మీదా అలిగి, వాషింగ్ మెషీన్ వెనక దూరేది. మసాలా లేకుండా కోడి ఉడకబెట్టి తెచ్చి దాని ముందు పెడుతూ ఆపా అనేది, "నా మొగునికి గూడ ఇంత సక్కగ వండి పెట్టలే."

ఆ నెలల్లో నాకు ఆవిడ మీదే కాదు, ఆ పుస్తకాల మీద కూడా కోపం వచ్చింది. వాటిలో జబ్బు కూడా శుభ్రంగా ఉంటుంది. దుప్పటి మీద పచ్చటి వాంతి ఉండదు. తెల్లవారి ఇల్లంతా కొట్టే ఆ కంపు ఉండదు. పిల్లి వచ్చేది మనిషి కోసమే, పోయేది కూడా మనిషికి ఏదో నేర్పడానికే. రాసినవాళ్ళని అనను. వాళ్ళకి తెలిసిన పిల్లి గురించి వాళ్ళు రాసుకున్నారు. చదివిన మేం మాత్రం, పిల్లి అంటే మన మనసు బాగుచేసే మందు అనుకున్నాం. మనసు బాగుపడ్డాక మందుసీసా ఏం చేస్తాం?

మాకు పిల్లల్లేరు. గుంపులో ఒకావిడ చూడ్డానికొచ్చి, "నీకు తోడుగా దేవుడే పంపాడే దీన్ని" అంది ఎంతో ఆప్యాయంగా. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దేవుడు పంపలేదండీ, డ్రైవరు చేత పంపించారు" అన్నాను. వచ్చినావిడ టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

అది నాకేమీ నేర్పలేదు. నేర్పవలసిన పని దానికేముంది? చలికాలం వచ్చేసరికి బొచ్చు మళ్ళీ పెరిగింది. ఒక మధ్యాహ్నం స్కూలునుంచి తలనొప్పితో వచ్చి నేల మీద పరుపు వేసుకుని అటు తిరిగి పడుకున్నాను. కాసేపటికి నా వీపుకి ఏదో ఆనింది. తన వీపు నా వీపుకి ఆనించి, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నా మొహం చూడలేదు, నా ఒళ్ళోకి రాలేదు. నేను కదిలితే వెళ్ళిపోతుందని కదలకుండా సాయంత్రం దాకా అలాగే పడుకున్నాను. ఆ తర్వాత కూడా నన్ను కొరకడం మానలేదు. కానీ మధ్యాహ్నాలు వచ్చి ఆనుకునేది.

ఫిబ్రవరిలో తిండి మానేసింది. మొదట కోడి, తర్వాత నీళ్ళు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు దాని పొట్ట నిమిరి, ఇక చాలించడమే మంచిదంది. "ఆ సూది నేను సూడ" అంది ఆపా. అంది గానీ బయటికి వెళ్ళలేదు. తల తన అరచేతిలో పెట్టుకుని, "బస్ రే, హోగయా" అంటూనే ఉంది, అయిపోయాక కూడా. ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చున్నాక నేను ఏడ్చాను.

"ఏడ్వకు చెల్లె. నాకైతే ఏడుపొస్తలేదు. గుస్సా అస్తుంది. దీన్ని ఇడిసిపెట్టిన దాని ఇల్లు పాడుగాను" అంది ఆపా, అద్దంలోంచి బయటికి చూస్తూ.

వారం తిరక్కుండా ఆవిడనుంచి మెసేజ్. గుంపులో ఎవరో చెప్పి ఉంటారు. 'మా పిల్లి పోయిందట కదా. రెండు రోజులుగా నిద్ర లేదు. దాని ఆఖరి ఫోటో ఉంటే పంపవా? ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను.'

మా పిల్లి. ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయి చాలాసేపు ఫోను వైపు చూశాను. నా దగ్గర ఫోటో ఉంది. సెలైన్ మూపురంతో, మూతి మీద ఉడికిన కోడి ముక్కతో, నన్ను కొరకడానికి చూస్తున్న ఫోటో. పంపలేదు.

ఆ నెల శుక్రవారం ఆవిడ వీడియోలో వస్తుందని, వ్యాసం మాకు చదివి వినిపిస్తుందని చెప్పారు. వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. తెరమీద ఆవిడ బూడిదరంగు స్వెట్టరు వేసుకుని ఉంది. వెనక అల్మారా నిండా ఆ పుస్తకాలు వరసగా. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నిజం చెప్పాలి, చాలా బాగా రాసింది. ఎడారి నగరం, ఒంటరి ఆడమనిషి, తెల్లటి నేస్తం. అందరూ అప్పుడే ముక్కులు ఎగబీలుస్తున్నారు. తర్వాత రేవు వచ్చింది. ఒక సాయంత్రం సముద్రం చూపించడానికి తీసుకెళ్తే అది తన చేతుల్లోంచి దూకి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, పడవల మధ్యకి వెళ్ళిపోయిందట. అప్పుడే తనకి అర్థమైందట, మనం వాటిని వదలం, అవే మనకి సెలవిస్తాయని.

"అది మీ చేతుల్లోంచి దూకలేదండీ. మీరక్కడ లేరు" అన్నాను.

తెరమీద ఆవిడ కాగితం దించింది. "ఇది సాహిత్యం. జరిగింది జరిగినట్టు రాయక్కర్లేదు. నీకు తెలుసు ఆ సంగతి" అంది.

"తెలుసు. జరగంది రాసుకోండి, నేనేమీ అనను. జరిగినదాన్ని ఎందుకు తుడిచేస్తున్నారు? దాని పాదాలు కాలి పొరలు ఊడిపోయాయి. చేప తలకాయ తినడం కూడా తెలీక ఐసునీళ్ళు తాగి బతికింది. అది వెనక్కి తిరిగి చూసిందో లేదో మీ డ్రైవరుని అడగండి. అది సెలవు ఇవ్వలేదు. మీరు పారేశారు."

ఆవిడ ఏడ్చింది. ఈ ఏడుపు చదువుతున్నప్పటి ఏడుపులా లేదు, మొహం ముడుచుకుపోయింది. నా పక్కనున్నావిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? పిల్లి ఎలాగూ పోయింది. ఆవిడ బాధ ఆవిడది."

"పిల్లి బాధ ఎవరిది?" అని అడిగాను. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆపాకి మాట మాటా చెప్పాను. అంతా విని, "గంతేనా? ఇంకిన్ని తిట్టకపోయినవ్" అంది నిరాశగా.

వ్యాసం ఒక వెబ్ పత్రికలో వచ్చింది, చేతుల్లోంచి దూకడంతో సహా. పైన కిటికీలో సముద్రం పక్కన కూర్చున్న పిల్లి ఫోటో. కింద ఎంతోమంది కంటతడి పెట్టుకున్నామని రాశారు. నేనూ రాశాను, పొల్లు మాట లేకుండా, జరిగింది జరిగినట్టు. సాయంత్రానికి తీసేశారు. గుంపు నేను లేకుండానే నడుస్తోంది. రెండు నెలల తర్వాత ఆవిడ ఒక మెసేజ్ పెట్టింది, 'ఇంకా కోపంగానే ఉందా?' అని. 'ఉంది' అని జవాబిచ్చాను. చాలామంది క్షమించమంటారు, మనసు తేలికవుతుందంటారు. తేలిక చేసుకోవాలని నాకు లేదు. ఆ బరువు ఆ పిల్లి బరువే, చివర్లో ఎత్తితే ఏమీ లేనట్టు ఉండేది.

మళ్ళీ వేసవి వచ్చింది. స్కూళ్ళు మూసే రోజుల్లో మా వీధిలో సామాను లారీలు మొదలవుతాయి. మూడు విల్లాల అవతల ఒక కుటుంబం ఇండియా వెళ్ళిపోతోంది. ఒక సాయంత్రం వాళ్ళ గేటు బయట, చెత్త డబ్బా పక్కన, ప్లాస్టిక్ బుట్టలో చారల పిల్లి, పక్కన గిన్నెలో పాలు. నేను చూసి ఆపాని పిలిచాను. ఇద్దరం వెళ్ళి గేటు కొట్టాం. ఆపా పిడికిలితో కొట్టింది.

తలుపు తీసిన అమ్మాయికి ముప్ఫై ఉండవు. "ఎవరైనా తీసుకెళ్తారని పెట్టామండీ" అంది.

"ఎవరు తీస్కపోతరు? ఎండ తీస్కపోతది" అంది ఆపా. ఆ తర్వాత తెలుగులో కొంత, దక్కనీలో కొంత, ఆ అమ్మాయికి ఊపిరాడనివ్వకుండా అనేసింది. నేను ఆపలేదు. ఆపా ఆయాసపడి ఆగినప్పుడు మిగిలింది నేనన్నాను. పక్క ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఆ అమ్మాయి భర్త బయటికొచ్చి, సిగ్గుతోనో మమ్మల్ని వదిలించుకోవాలనో, బుట్ట లోపలికి తీసుకున్నాడు.

"తీసుకెళ్ళే పద్ధతి మాకు తెలీదు మేడమ్" అన్నాడు.

"నేను చూపిస్తాను" అన్నాను.

వాళ్ళ ప్రయాణం వెనక్కి జరిగింది. టీకాలకీ, అనుమతికీ తిరిగిన ప్రతిసారీ నేను స్కూలుకి సెలవు పెట్టి వాళ్ళ కారులో వెనక సీట్లో కూర్చున్నాను, బుట్ట ఒళ్ళో పెట్టుకుని. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. దారిపొడుగునా నాతో మర్యాదగానే మాట్లాడారు. అయినా పిల్లిని వాళ్ళతో ఒంటరిగా పంపడానికి నాకు నమ్మకం చాల్లేదు. ఆఖరికి విమానాశ్రయంలో, కౌంటరు అమ్మాయి బుట్టకి చీటీ కట్టి లోపలికి పంపేదాకా గాజు తలుపు ఇవతల నిలబడి చూసి, అప్పుడు ఇంటికొచ్చాను.